గీజరు లైటు వెలుగుతోంది, నీళ్ళు మాత్రం కాగడం లేదు

కడప నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టవద్దని కోరారు కనుక అవి వదిలి మిగిలిన సంగతి క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. అద్దె ఇంట్లో, మొదటి అంతస్తులో, అత్తగారితోను ఎనిమిదేళ్ళ కూతురితోను ఉంటున్నారు. భర్త ఉద్యోగం కర్నూలులో; శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్తారు. స్నానాల గదిలోని 15 లీటర్ల గీజరు ఇంటి యజమానిది, ఆరేళ్ళ నాటిది. ఇంటికి వచ్చేవి బోరు నీళ్ళు. దసరా సెలవుల్లో యజమాని ఆ గదిలోని తుప్పు పట్టిన పైపులు తీయించి కొత్తవి వేయించారు, పాత కుళాయిల స్థానంలో మిక్సర్ కుళాయి పెట్టించారు. కార్తీక మాసం మొదలై అత్తగారు గీజరు వేసిన తొలి రోజే నీళ్ళు సరిగా కాగడం లేదని తెలిసింది. ఎర్ర లైటు వెలుగుతుంది, పది నిమిషాలకే ఆరిపోతుంది. బకెట్టులోకి పడితే మొదటి రెండు మూడు చెంబులు వేడిగా, ఆ తర్వాత గోరువెచ్చగా, సగం బకెట్టు నిండేసరికి చల్లగా వస్తున్నాయి. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ థర్మోస్టాట్ (నీళ్ళు తగినంత కాగగానే కరెంటు ఆపే భాగం) మార్చి 700 రూపాయలు తీసుకున్నారు. వారం తర్వాత ఇంకొకాయన కాయిల్ మార్చి 1,500 తీసుకున్నారు. ఊడదీసిన కాయిల్ మీద సున్నం పెచ్చులు పెచ్చులుగా పేరుకుని ఉందట. రెండు మరమ్మతుల తర్వాతా తేడా ఏమీ లేదు. మూడో ఆయన మూత కూడా తీయకుండా "ట్యాంకు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్ళిపోయారు. యజమానిని అడిగితే "వాడుకునేది మీరు, చేయించుకోవాల్సింది మీరే" అన్నారు.

అసలు బాధ ఆ తర్వాతది. అత్తగారికి డెబ్బై ఒకటి. మోకాళ్ళ నొప్పులు, ఉబ్బసం ఉన్నాయి. గీజరు మీద నమ్మకం పోయి ఆవిడ ఊరి నుంచి తెచ్చుకున్న పాత రాడ్డును స్టీలు బకెట్టులో వేసి నీళ్ళు కాచుకోవడం మొదలుపెట్టారు. దానికి రెండు పిన్నుల ప్లగ్గు. ఒక ఉదయం పాప నీళ్ళు కాగాయో లేదో చూద్దామని వేలు పెట్టబోతుంటే, ఈ సోదరి పరుగున వెళ్ళి ప్లగ్గు పీకి, "పాపను చంపుకుంటారా మీరు!" అని గట్టిగా అరిచారు. ఆ రోజు నుంచి పన్నెండు రోజులుగా అత్తగారు మాట్లాడటం లేదు. "నాకు ఉడుకునీళ్ళు వద్దు, సల్లనీళ్ళే పోసుకుంటాలే" అని చన్నీళ్ళే పోసుకుంటున్నారు, రాత్రిళ్ళు దగ్గుతున్నారు. ధనుర్మాసం దగ్గర పడింది. ఆ నెలంతా తెల్లవారకముందే స్నానం చేసి దేవుని కడప గుడికి వెళ్ళి రావడం ఆవిడకు ఏళ్ళ నాటి అలవాటు. భర్త ఫోనులో "ఒక గీజరు కూడా బాగుచేయించుకోలేవా" అన్నారు. కొత్తది కొనాలా, ఉన్నదే చేయించాలా, డబ్బు ఎవరు పెట్టాలి, అత్తగారితో మాట ఎలా కలపాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో గీజరు, ఇంటి యజమాని, అత్తగారు, భర్త ఒకే ముడిగా బిగిసిపోయి కనిపిస్తున్నారు. ఈ నాలుగింటినీ విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికీ దారి ఉంది. అయితే అన్నిటికంటే ముందు ఆ రాడ్డు సంగతి తేల్చాలి, ఎందుకంటే మిగిలినవన్నీ వారం ఆలస్యమైనా నష్టం లేనివి, ఇది మాత్రం అలాంటిది కాదు.

మీరు ఆ రోజు భయపడింది అక్షరాలా నిజమైన ప్రమాదాన్ని చూసి. రాడ్డు లోపల కరెంటు పారే తీగకు, బయట మనకు కనిపించే లోహపు గొట్టానికి మధ్య అడ్డుగా ఉండేది ఒక పొడి మాత్రమే. గొట్టం మీద సున్నం పేరుకుని, వేడెక్కి ఎక్కడో సన్నగా చిట్లితే తేమ ఆ పొడిలోకి దిగుతుంది, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. స్టీలు బకెట్టు కనుక బకెట్టుకూ వస్తుంది. రెండు పిన్నుల ప్లగ్గు అంటే ఎర్త్ లేదన్నమాట, అంటే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దొరికే దారి తడి నేల మీద నిలబడి నీళ్ళను ముట్టుకున్న మనిషి ఒంట్లోంచే. ఎమ్‌సీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్) ఉంది కదా, పడిపోతుందిలే అనుకోకండి. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ అంతకు మించిన కరెంటు పారితేనే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. అలాంటప్పుడు కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ అనే పరికరం. అది మీ మీటరు పెట్టెలో ఉందో లేదో ఈసారి వచ్చే ఎలక్ట్రీషియన్‌ను అడగండి. దాని మీద "టి" అని చిన్న మీట ఉంటుంది, నొక్కితే ఇంటి కరెంటు పోవాలి.

గీజరు బాగయ్యేదాకా నీళ్ళు గ్యాసు మీద కాచండి. 15 లీటర్ల నీళ్ళను గీజరులో లాగా 60 డిగ్రీల దాకా కాచడానికి సుమారు 80 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది, అంటే 14.2 కిలోల సిలిండరు ఒక్క స్నానాల నీళ్ళకే వాడినా నూట డెబ్బై సార్లకు పైగా వస్తుంది. కొన్నాళ్ళకు అది భరించలేని ఖర్చు కాదు. మసిలే నీళ్ళ గిన్నెను పొయ్యి మీద నుంచి స్నానాల గదికి మోయడంలోనూ ప్రమాదం ఉంది కనుక ఆ పని మీరు ఒక్కరే చేయండి, పాపను ఆ సమయంలో దారిలో ఉండనివ్వకండి, బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి ఆ పైన వేడి నీళ్ళు పోయండి. రాడ్డును పారేయమని నేను చెప్పను, అది ఆవిడ వస్తువు. దాచి పెట్టమని ఆవిడకే ఇవ్వండి, కానీ ఆ గదిలో ప్లగ్గులో మాత్రం పెట్టనివ్వకండి.

ఇక గీజరు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "కార్తీక మాసంలో గీజరు పాడైంది" అని మీరు మొదటి పేజీలో రాశారు. కానీ పాడైంది అప్పుడే అని ఎలా తెలుసు? వేసవి నుంచి దసరా దాకా మీ ఇంట్లో ఎవరూ గీజరు వేయలేదు, కడప ఎండలకు వేయాల్సిన అవసరమూ రాదు. అంటే కిందటి చలికాలంలో బాగా పనిచేసిన గీజరుకు, ఈ కార్తీకంలో పనిచేయని గీజరుకు మధ్య జరిగిన మార్పు ఒక్కటే, దసరాకు పైపులు మార్చడం. వచ్చిన ముగ్గురూ ఎలక్ట్రీషియన్లే కనుక కరెంటు వైపే చూశారు. పైపుల వైపు ఎవరూ చూడలేదు.

గీజరు అడుగున రెండు గొట్టాలు ఉంటాయి. నీలం రంగు గుర్తు ఉన్న దాంట్లోంచి చన్నీళ్ళు లోపలికి వెళ్ళాలి, ఎరుపు గుర్తు ఉన్న దాంట్లోంచి వేడి నీళ్ళు బయటికి రావాలి. వేడి నీళ్ళు తేలిక కనుక ట్యాంకు పైభాగానికి చేరతాయి. అందుకే ఎర్ర గొట్టం లోపల పొడవుగా పైదాకా వెళ్ళి అక్కడి నీళ్ళను తీసుకుంటుంది, నీలం గొట్టం అడుగునే ఆగిపోతుంది. పైపులు మార్చినప్పుడు ఈ రెండూ తారుమారైతే చన్నీళ్ళు పైన కురిసి కాగిన నీళ్ళతో కలిసిపోతాయి, కుళాయికేమో ట్యాంకు అడుగు నీళ్ళు వస్తాయి. కాయిల్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, బకెట్టులో మాత్రం కాసేపటికే చల్లబడిన నీళ్ళు. మీరు రాసిన లక్షణానికి ఇది బాగా సరిపోతుంది. సరైన రీతిలో బిగించిన 15 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాగితే, చన్నీళ్ళు కలుపుకుని స్నానానికి సరిపోయే 40 డిగ్రీల నీళ్ళు ముప్పై లీటర్లకు పైనే రావాలి. సగం బకెట్టుకే చల్లబడటం ఒక్క కాయిల్ బలహీనత వల్ల రాదు.

దీన్ని మీరే చూడవచ్చు. ఒక ఉదయం గీజరు వేసి, లైటు ఆరిన తర్వాత స్విచ్ కట్టేసి ప్లగ్గు తీసేయండి. అప్పుడు వేడి నీళ్ళ కుళాయి విప్పి, ఒక నిమిషం పోనిచ్చి, పొడి చేతి వెనుక వైపుతో ఆ రెండు గొట్టాలనూ మెల్లగా తాకి చూడండి. ఎర్ర గొట్టం వేడెక్కాలి, నీలం గొట్టం చల్లగా ఉండాలి. అటుదిటైతే సమస్య దొరికినట్టే, దానికి కొత్త సామాను ఏదీ అక్కర్లేదు. సేఫ్టీ వాల్వు (ట్యాంకులో ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేది) మీద నీళ్ళు పారే దిశను చూపే బాణం గుర్తు కూడా ఉంటుంది. అది నీలం గొట్టం మీద, గీజరు వైపు చూస్తూ ఉండాలి. ఎర్ర గొట్టం మీద బిగించి ఉంటే వాల్వు తప్పు చోట ఉన్నట్టు, వెంటనే మార్పించాలి.

గొట్టాలు సరిగానే ఉంటే మిక్సర్ కుళాయిని అనుమానించండి. మిక్సర్‌లో వేడి నీళ్ళ దారి, చన్నీళ్ళ దారి పక్కపక్కనే ఉంటాయి. లోపలి భాగం సరిగా కూర్చోకపోతే చన్నీళ్ళు వేడి దారిలోకి దూరిపోతాయి. ప్లగ్గు తీసే ఉంచి, గీజరులోకి నీళ్ళు వెళ్ళే గొట్టానికి గోడ దగ్గర ఉన్న కాక్ మూసేయండి. ఇప్పుడు మిక్సర్‌ను పూర్తిగా వేడి వైపు తిప్పి విప్పండి. గీజరులోకి నీళ్ళు రావడం ఆగింది కనుక కుళాయి కొద్దిసేపు కారి నిలిచిపోవాలి. నిలవకుండా ధారగా వస్తూనే ఉంటే, ఆ నీళ్ళు గీజరు నుంచి కాదు, చన్నీళ్ళ పైపు నుంచి వస్తున్నట్టు. పరీక్ష అయ్యాక కాక్ తెరిచి, కుళాయిలో నీళ్ళు నిండుగా వచ్చేదాకా చూసి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. నీళ్ళు లేని ట్యాంకులో కాయిల్ వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది.

మూడో అనుమానం ఆ పది నిమిషాల మీద. 15 లీటర్ల నీళ్ళను తెల్లవారుజామున ఉండే 22 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2,000 వాట్ల కాయిల్‌కు సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకే లైటు ఆరితే నీళ్ళు 41 డిగ్రీల దగ్గర ఆగిపోయినట్టు లెక్క. కొత్త థర్మోస్టాట్ బిగించిన ఆయన దాని మీటను తక్కువ దగ్గర వదిలేసి ఉండవచ్చు. చాలా గీజర్లలో ఆ మీట మూత లోపల ఉంటుంది, బయటికి కనిపించదు. లేదా ట్యాంకు అడుగున రాలి పడిన సున్నం పెచ్చులు కాయిల్‌నూ థర్మోస్టాట్ గొట్టాన్నీ కలిపి కప్పేస్తే, నీళ్ళు కాగకముందే ఆ గొట్టం ఒక్కటే వేడెక్కి కరెంటు ఆపేస్తుంది. రెండో ఎలక్ట్రీషియన్ సున్నం పట్టిన కాయిల్ తీసి కొత్తది పెట్టారని రాశారు గానీ ట్యాంకు కడిగినట్టు రాయలేదు. పాత పెచ్చులు లోపలే ఉండి ఉంటాయి. వోల్టేజి తక్కువై ఉండవచ్చా అని కూడా అడిగారు. 230 ఉండాల్సింది 180 వస్తే కాయిల్ బలం దాదాపు 1,200 వాట్లకు పడిపోతుంది, అప్పుడు నీళ్ళు కాగడానికి అరగంట దాటుతుంది. లైటు ఆలస్యంగా ఆరాలి గానీ త్వరగా ఆరదు. కనుక దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మీరు ఇప్పుడు కొత్త గీజరు కొంటే, అది వచ్చి అవే పైపులకు, అదే మిక్సర్‌కు బిగుస్తుంది. తప్పు పైపులో ఉంటే ఎన్ని వేలు పోసినా మళ్ళీ సగం బకెట్టుకే నీళ్ళు చల్లబడతాయి, అప్పుడు మీ మనసు ఎంత కుంగుతుందో నేను ఊహించగలను. పైగా ట్యాంకు "పోవడం" అంటే చిల్లు పడి కారడం. ఒక్క చుక్క కూడా కారని ట్యాంకు నీళ్ళు కాగకపోవడానికి కారణం కాలేదు. ఆ మాట నమ్మకండి.

కాబట్టి మీ ముందున్న దారులు ఇవీ. ముందు ప్లంబర్‌ను పిలిచి, పైన చెప్పిన రెండు పరీక్షలు మీ కళ్ళ ముందే చేయించవచ్చు. ఇది అన్నిటికంటే చౌక, ఒక పూట పని. తప్పు అక్కడే ఉంటే అదే రోజు బాగవుతుంది, లేకపోతే అతని కూలి మీ మీద పడుతుంది, అంతే. రెండోది, గీజరు కంపెనీ సర్వీసు వారిని పిలిచి ట్యాంకు కడిగించి, థర్మోస్టాట్ మీట సరిచేయించి, లోపల ఉండే మెగ్నీషియం కడ్డీని చూపించమనడం. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ అది. ఆరేళ్ళ బోరు నీళ్ళలో పూర్తిగా అరిగిపోయి ఉంటే మార్చక తప్పదు. దీనికి ఖర్చు ఎక్కువ, వాళ్ళు వచ్చేదాకా వేచి ఉండాలి, కానీ గీజరు ఇంకా కొన్నేళ్ళు నిలుస్తుంది. పాత గీజరుకు ట్యాంకు మీద వారంటీ ఇంకా మిగిలి ఉందేమో యజమాని దగ్గరున్న కాగితం అడగండి. మూడోది, మీ డబ్బుతో కొత్తది కొనుక్కుని ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవడం. పై రెండూ చేసి ఫలితం లేకపోతేనే ఆ దారి పట్టండి. పట్టినా పాతదాన్ని పాత సామాన్ల వాళ్ళకు ఇచ్చేయకుండా యజమానికి అప్పగించి, అప్పగించినట్టు ఒక వాక్యం రాయించుకోండి.

సున్నం గురించి ఇంకొంచెం చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే మన ప్రాంతంలో గీజర్ల ఆయువు దాని చేతిలోనే ఉంది. మీ వంటింటి గట్టు కడప బండే అయ్యుంటుంది. దాని మీద నిమ్మకాయ పిండినప్పుడు పడిన చుక్కను తుడవకుండా వదిలేస్తే తెల్లటి మచ్చ మిగలడం మీరు చూసే ఉంటారు. ఆ బండ సున్నపురాయి, నిమ్మరసం దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఇలాంటి రాళ్ళ సందుల్లోంచి ఊరే బోరు నీళ్ళు ఆ సున్నాన్ని కరిగించుకుని పైకి వస్తాయి, గీజరులో వేడి తగలగానే అది మళ్ళీ రాయిగా మారి కాయిల్‌కు అంటుకుంటుంది. తాగే నీటిలో ఈ కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీటి వసతి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని 2012 నాటి భారత ప్రమాణం చెబుతుంది. 600 ఉన్న నీళ్ళు ట్యాంకు నిండిన ప్రతిసారీ 9 గ్రాముల సున్నాన్ని మోసుకొస్తాయి. అంతా అంటుకోదు, కొంతే అంటుకుంటుంది. కానీ ఆరేళ్ళలో ఎన్ని వందలసార్లు నిండి ఉంటుందో లెక్క వేసుకోండి. మీ పాత కాయిల్ అంత తెల్లగా ఎందుకుందో అర్థమవుతుంది.

నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత ఎక్కువ దిగుతుంది. అందుకే థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పి పెట్టించకండి, 60 డిగ్రీల లోపు చాలు. రాత్రంతా గీజరు వేసి ఉంచడం కూడా వద్దు. ఏడాదికి ఒకసారి, చలికాలం మొదలయ్యే ముందు, కాయిల్ ఊడదీయించి వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెట్టిస్తే సున్నం మెత్తబడి వదులుతుంది. స్నానాల గది కడిగే యాసిడ్‌ను మాత్రం ట్యాంకులో పోయనివ్వకండి. చిటికెలో సున్నం పోతుందని కొందరు పోస్తారు గానీ అది కాయిల్ లోహాన్ని, ట్యాంకు లోపలి పూతను కూడా తినేస్తుంది.

యజమాని విషయానికి వస్తే, ఆయన అన్నదాంట్లో సగం న్యాయం ఉందని చెబితే మీకు కష్టంగా తోచవచ్చు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన అద్దె చట్టంలో ఎవరు ఏ మరమ్మతు చేయించాలో పట్టిక ఉంది. అందులో గీజరు మరమ్మతులు అద్దెకు ఉన్నవారి వంతుకు, పైపులు మార్చడం, కరెంటు వైరింగ్ యజమాని వంతుకు ఉన్నాయి. అది నమూనా మాత్రమే. మీ ఇద్దరికీ ముందు చెల్లేది మీ అద్దె ఒప్పందం, దాన్ని ఒకసారి తీసి చదవండి. కానీ పట్టిక వెనుక ఉన్న న్యాయం మీ సందర్భానికి చక్కగా పనికొస్తుంది. కాయిల్‌కు, థర్మోస్టాట్‌కు పెట్టిన 2,200 గురించి ఆయనతో తగువు పెట్టుకోకండి, అది తిరిగి రావడం కష్టం. గొట్టాలు తారుమారయ్యాయని తేలితే మాత్రం అది ఆయన పెట్టిన ప్లంబర్ చేసిన పని, సరిచేయించాల్సింది ఆయనే.

ఆ మాట ఎలా చెప్పాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. "మీ ప్లంబర్ పాడుచేశాడు" అని మొదలుపెడితే ఆయన ఆ ప్లంబర్‌ను వెనకేసుకొస్తారు, మాట అక్కడే తెగిపోతుంది. అలా కాకుండా, పరీక్ష చేసే రోజు ఆయన్నే పైకి పిలిచి, "అన్నా, ఒకసారి ఈ రెండు గొట్టాలు మీరే తాకి చూడండి" అనండి. తన చేతికి ఎర్ర గొట్టం చల్లగా తగిలిన మనిషికి వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ చిన్న పని మీరే చేయించుకుని, రసీదు దగ్గర పెట్టుకుని, అడ్వాన్సు లెక్కల సమయంలో అడగవచ్చు, లేదా వదిలేయవచ్చు. ఇంట్లో ఇంకెన్నేళ్ళు ఉండాలనుకుంటున్నారో దాన్ని బట్టి తేల్చుకోండి.

ఇక అత్తగారు. ఆ ఉదయం మీరు ప్లగ్గు పీకడం తప్పు కాదు, కేక వేయడమూ తప్పు కాదు. ఆవిడకు తగిలింది "చంపుకుంటారా మీరు" అన్న మాట. ఆ బిడ్డను చేతుల్లో పెంచిన మనిషికి ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో ఆలోచించండి. ఆవిడ వైపు నుంచి చూస్తే ఇంకొకటి కూడా ఉంది. ఊళ్ళో ఉన్నప్పుడు పెరట్లో కాగు పెట్టి కట్టెలు ఎగదోసి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచి పోసింది ఆవిడే అని మీరే మూడో పేజీలో రాశారు. ఇప్పుడు తన ఒక్కదాని స్నానానికి ఇన్ని వందలు ఖర్చవుతున్నాయని, కొడుకు కోడలు ఫోనులో ఘర్షణ పడుతున్నారని పక్క గదిలోంచి వింటున్నారు. చన్నీళ్ళు పోసుకోవడం మీ మీద కోపంతోనే కాకపోవచ్చు. నా వల్ల ఎవరికీ ఇబ్బంది వద్దన్న పట్టుదల కూడా అందులో ఉండవచ్చు.

మీరు క్షమాపణ అడగదలిస్తే మాటకు అడగండి, భయానికి అడగవద్దు. "అత్తమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది, పాపను చూసి ప్రాణం పోయినంత పనైంది" అంటే చాలు, దాని తర్వాత "కానీ మీరు కూడా" అని మొదలుపెట్టకండి. అది నోటితో రావడం కష్టమైతే వేరే దారి ఉంది. ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేది ఆవిడ ఒక్కరే. లైటు ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, ఎన్నో చెంబుకు నీళ్ళు చల్లబడ్డాయి అన్నది మూడు రోజులు చూసి చెప్పమని ఆవిడనే అడగండి. ఆ లెక్క నిజంగా అవసరం, ఆవిడ తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఒప్పుకుంటే మాట దానంతటదే కలుస్తుంది. ఒప్పుకోకుండా ముఖం తిప్పుకుంటే బలవంతం చేయకండి. మర్నాడు ఉదయం గ్యాసు మీద నీళ్ళు కాచి బకెట్టు నింపి "నీళ్ళు పెట్టాను అత్తమ్మా" అని మాత్రం చెప్పి వెళ్ళిపోండి. మొదటి రోజు ఆ నీళ్ళు అలాగే చల్లారిపోవచ్చు, మీరు నొచ్చుకోకండి, రెండో రోజూ పెట్టండి. మీ భర్తతో చెప్పించడం కూడా ఒక దారే గానీ, నా మీద కొడుక్కి చెప్పిందన్న మాట ఇంకొకటి పుడుతుంది కనుక దాన్ని చివరికి ఉంచుకోండి.

దగ్గును మాత్రం ఈ అలకతో ముడిపెట్టి వాయిదా వేయకండి. ఉబ్బసం ఉన్న మనిషి రాత్రిళ్ళు దగ్గుతుంటే ఈ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

మీ భర్తకు "గీజరు పాడైంది" అని ఫోనులో చెబితే ఆయనకు అందులో చేయగలిగింది ఏమీ కనిపించదు, అందుకే ఆ విసుగు. ఆయన ఇంట్లో ఉండేది ఆదివారమే కనుక ప్లంబర్‌ను ఆదివారం ఉదయానికి రమ్మనండి. గొట్టాలు తాకి చూడటం, కాక్ మూసి మిక్సర్ పరీక్షించడం, యజమానిని పైకి పిలవడం, ఈ మూడు పనులూ ఒక కాగితం మీద రాసి శనివారం రాత్రే ఆయన చేతికి ఇవ్వండి. కరెంటు మూత తీయాల్సి వస్తే ఎలక్ట్రీషియనే తీయాలి, మీ ఇద్దరిలో ఎవరూ తీయవద్దు. ఎలక్ట్రీషియన్ వస్తే తన మల్టీమీటరుతో కాయిల్ రెండు కొసల మధ్య చూడమనండి, 2,000 వాట్ల కాయిల్‌కు 26 ఓములకు అటూ ఇటూగా చూపించాలి. కాయిల్‌కు ట్యాంకు బాడీకి మధ్య ఏమీ చూపించకూడదు. మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. అది తేలేదాకా ఎవరు స్నానం చేస్తున్నా గీజరు స్విచ్ కట్టేసి ఉంచండి.

ఆదివారం తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఎర్ర గొట్టం వేడెక్కిందా లేదా, లైటు ఎన్ని నిమిషాలకు ఆరింది, ఎన్నో చెంబుకు నీళ్ళు చల్లబడ్డాయి, ఇంతే రాస్తే చాలు, అక్కడి నుంచి చూద్దాం.